ఏసీ గది తలుపు

మా ఇంట్లో పగటిపూట ఎవరైనా తలుపు వేసుకుంటే దానికి మూడే అర్థాలు. చీర మార్చుకుంటున్నారు, జ్వరమొచ్చింది, లేదా అలిగారు. ఊరికే వేసుకున్నారేమో అన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు. పెళ్లై ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం వారపత్రిక చదువుకుందామని తలుపేసుకున్నాను. ముందు మా అత్తగారు తలుపు తోసుకొచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. తర్వాత మావగారు గుమ్మం బయటే నిలబడి, "ఏమ్మా, ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని అడిగారు. సాయంత్రం పక్కింటావిడ కరివేపాకు కోసమని వచ్చి, కరివేపాకు కంటే నా మొహమే ఎక్కువసేపు చూసి వెళ్లింది. ఆ తర్వాత చాలా ఏళ్లు నేను తలుపు జోలికి పోలేదు.

మాది గుణదల. మేడ మీద నలుగురం ఉంటాం. మా ఆయనకి వన్ టౌన్‌లో హోల్‌సేల్ కొట్టు, పొద్దున వెళితే చీకటి పడ్డాకే రావడం. మావగారు కాలవల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. అత్తగారు ఎప్పుడూ ఏదో ఒకటి ఒలుస్తూనో, చెరుగుతూనో, ఆరబోస్తూనో కనిపిస్తారు. నేను కోచింగ్ కాలేజీల పుస్తకాలు వేసే ఒకళ్లకి ఇంట్లోనే ప్రూఫులు దిద్దిపెడతాను. తప్పు కనపడాలంటే మనసు ఒకచోట నిలవాలి. మా ఇంట్లో నిలవనిది అదొక్కటే.

ఎండాకాలం వస్తే మరీను. హాల్లో ఓ పెద్ద కూలరు ఉండేది. అది తిరుగుతున్నంతసేపూ ఇంట్లో తలుపులన్నీ బార్లా తీసి ఉండాలి, లేకపోతే గదులు ఇడ్లీ పాత్రలా తయారవుతాయి. "గాలి ఆడాలమ్మా, గాలి ఆడాలి" అని మావగారు ప్రతి తలుపుకీ ఒక రాయి అడ్డం పెట్టుకుంటూ వచ్చేవారు. అసలే కృష్ణ ఒడ్డు, గాలి పిండితే నీళ్లొస్తాయి. దానికి ఈ కూలరు తేమ తోడు. జాడీలో ఉప్పు కారిపోయేది. నా ప్రూఫు కాగితాలు మెత్తబడిపోయి, ఎర్ర ఇంకుతో ఒక గుర్తు పెడితే అది పక్క అక్షరానికీ పాకేది. ఆ కాగితాలు పట్టుకుని నేను భోజనాల బల్ల దగ్గర కాసేపు, బాల్కనీలో కాసేపు, మెట్ల మీద కాసేపు కూర్చునేదాన్ని. ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరికి కనపడుతూనే ఉండేదాన్ని. కనపడితే పలకరిస్తారు. పలకరిస్తే బదులు చెప్పాలి.

నన్నెవరూ ఒక్క మాట అనరు. అందుకే మరీ ఊపిరాడేది కాదు. గయ్యాళి అత్త అయితే కసురుకోవచ్చు, మంచినీళ్లు తెచ్చిచ్చే అత్తగారిని ఏం చేస్తాం? నాకు ఒక్కదాన్నీ ఉండాలని ఉండేది. ఆ మాట ఎలా అనాలో తెలిసేది కాదు, ఎలా అన్నా మీరు నాకొద్దు అన్నట్టే వినపడుతుంది. ప్రూఫులు సాకు మాత్రమే. అవి లేకపోయినా నాకు ఆ గదీ ఆ తలుపూ కావాలి.

ఇల్లంతా ఉడికిపోయిన ఒక మే నెలలో మా ఆయన ఇంక లాభం లేదని నన్ను ఏసీల షాపుకి తీసుకెళ్లాడు. అక్కడి కుర్రాడు స్ప్లిట్ ఏసీ గొప్పలు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పెద్ద ఆఫీసుల్లోలాగా సీలింగు పగలగొట్టి గొట్టాలు పరచక్కర్లేదట. గోడకి చిన్న కన్నం చాలట. కిటికీ కిటికీలాగే ఉంటుందట. మోత చేసే భాగం బయట ఉంటుంది కనక లోపల ఫ్యాను పాటి శబ్దం కూడా ఉండదట. గాల్లో తేమ లాగేస్తుందట. ఏ గది కావాలంటే ఆ గదికే చల్లదనం. మా ఆయన అన్నిటికీ తలూపుతున్నాడు. నేను ఎండకి తలనొప్పొచ్చి సగం వింటున్నాను. అప్పుడు ఆ కుర్రాడు, "ఒక్కటే మేడమ్. ఏసీ ఆన్‌లో ఉన్నంతసేపు తలుపు మూసే ఉంచాలండి. తీస్తే కూలింగంతా పోద్ది" అన్నాడు.

నా తలనొప్పి పోయింది. "మూసే ఉంచాలా?" అని మళ్లీ అడిగాను. "కంపల్సరీ అండి" అన్నాడు. తలుపు మూసుకోవడానికి ఇంత మర్యాదైన కారణం ఉంటుందని నాకు అంతవరకు తెలీదు. అలిగానని ఎవరూ అనుకోరు. జ్వరం చూడరు. ఏసీ కోసం వేసుకున్నాను, అంతే. అక్కడికక్కడే తీసుకుందామన్నాను. ఎప్పుడూ నాలుగు షాపులు తిప్పే మనిషిని అలా అనేసరికి మా ఆయన నా వంక వింతగా చూశాడు.

ఇంటికొచ్చాక అసలు గొడవ. మావగారు ఏసీ హాల్లో పెడదామన్నారు. "హాల్లో అయితే అందరికీ ఉంటుంది. గదిలో పెట్టుకుని ఒకళ్లే కూర్చుంటే ఏం బావుంటుంది?" అన్నారు. న్యాయమైన మాటే. మెకానిక్ వచ్చి చూసి, హాలుకీ భోజనాల గదికీ మధ్య ఆర్చీకి తలుపు లేదు కదండీ, చల్లదనం నిలవదన్నాడు. కర్టెను కట్టిద్దామన్నారు మావగారు. నాకు లోపల ఒకటే గుబులు. వంటింట్లోకి వెళ్లి ఊరికే గిన్నెలు సర్దుతూ నిలబడ్డాను. ఇంతలో మెకానిక్ హాలు గోడ బయటికి చెయ్యి చూపించి, ఔట్‌డోర్ యూనిట్ ఇక్కడ బిగిస్తానన్నాడు.

"అది ఏ మూల?" అని మావగారి గొంతు వినపడింది. "ఈశాన్యం కాదూ! ఈశాన్యంలో వేడి కక్కే మిషను బిగిస్తారుటయ్యా ఎవరన్నా? అగ్గి ఏదైనా ఆగ్నేయంలోనే ఉండాలి."

మా ఇంట్లో ఆగ్నేయాన ఉన్నది వంటిల్లు, దాని వెనక బియ్యం బస్తాలూ ఆవకాయ జాడీలూ పెట్టుకునే చిన్న గది. ఆ గదికి తలుపుంది, కిటికీ ఉంది, బయట గోడా ఉంది. ఆయన వాస్తే ఆయన్ని అక్కడికి నడిపించింది. నేను వంటింట్లోనే ఉండిపోయాను. ఇవతలికొస్తే నా సంతోషం మొహంలో తెలిసిపోతుందని భయం. బస్తాలు హాల్లోకీ, జాడీలు వంటింటి అటక మీదకీ వెళ్లాయి. గోడకి కన్నం పడింది, గొట్టం దూరింది, సాయంత్రానికి గది చల్లబడింది. నా బల్ల, నా కుర్చీ అందులో వేసుకున్నాను.

మర్నాడు భోజనాలవగానే కాగితాలు పట్టుకుని వెళ్లేసరికి మావగారు అప్పటికే మడతమంచం వేసుకుని పేపరు చదువుకుంటున్నారు. వెనకాలే అత్తగారు గోంగూర కట్టలతో వచ్చి గోడకి చేరగిలబడ్డారు. కాసేపటికి ఏసీ చూసి పోతానని పక్కింటావిడ వచ్చింది, చూసి పోలేదు. ఆ రోజు నుంచి అదే వరస. తలుపు మూసే ఉంది. ఇదివరకు ఇల్లంతా పరుచుకుని ఉండే మనుషులు ఇప్పుడు నాతోపాటు ఒకే గదిలో, మూసిన తలుపు వెనక. మావగారు రాజకీయాలు పైకి చదివి వినిపిస్తారు. పక్కింటావిడ వాళ్ల ఆడపడుచు సంగతులు చెబుతుంది. ఎవరు లోపలికొచ్చినా, బయటికెళ్లినా తలుపు సందు వదిలేస్తారు. వెంటనే మిగతావాళ్లంతా నా వైపు తిరుగుతారు, తలుపు దగ్గర ఉన్నది నా కుర్చీ కనక. నేను ఒకే లైను ఎన్నిసార్లు చదివేదాన్నో. కాళ్లు ఊపుతూ, పెన్ను మూత తీస్తూ పెడుతూ, అందరి మీదా మంటగా ఉండేది. ప్రూఫులు ఆలస్యమవుతున్నాయని పుస్తకాలు వేసేవాళ్ల దగ్గర్నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

ఒక రోజు పక్కింటావిడ మంచినీళ్లకని వెళ్లి తలుపు వదిలేసి వచ్చింది. "తలుపెయ్యమ్మా, చల్లదనం పోతోంది" అని ముగ్గురూ ఒకేసారి అన్నారు. లేచి తలుపేశాను. మళ్లీ కూర్చోలేదు.

"నాకు ఒక్కదాన్నీ ఉండాలనుంది" అన్నాను. "ఈ గదిలో. ఎవ్వరూ లేకుండా. రోజూ కాసేపు."

నా గొంతు నాకే పెద్దగా వినపడింది. ఏసీ ఎంత నిశ్శబ్దంగా తిరుగుతుందో అప్పుడు తెలిసింది. పక్కింటావిడ ముందు లేచింది. మావగారు పేపరు మడత పెట్టి, "అలాగేనమ్మా" అన్నారు. ఆయన కోప్పడి ఉంటే బావుండేది. అత్తగారు గోంగూర అంతా తువ్వాల్లో మూటకట్టుకుని వెళ్లిపోయారు. గది నాకు దక్కింది. ఆ పూట ఒక్క తప్పు కూడా పట్టలేకపోయాను.

మా ఆయన వచ్చాక అడిగాడు. "నాన్న సరిగా అన్నం తినలేదట, ఏమైంది?"

"తలుపేసుకుంటానన్నాను."

"దానికేనా?"

"దానికే" అన్నాను. అంతకంటే ఎక్కువ చెబితే ఏడ్చేసేలా ఉన్నాను.

మర్నాడు నేను ఆ గది వైపు వెళ్లలేదు. సిగ్గూ, మొండితనమూ రెండూ ఉన్నాయి. భోజనాల బల్ల మీదే కాగితాలు పరిచాను. అత్తగారు వచ్చి వాటిని ఒద్దికగా ఎత్తి నా చేతిలో పెట్టారు. "వెళ్లు."

"వద్దులెండి అత్తయ్యగారూ."

"వెళ్లమంటున్నాగా. ఆ చలి మీ మావగారి మోకాళ్లకి పడట్లేదట. నేనే అన్నాను, ఆలోచించుకుని నిజమేనన్నారు" అని ఆవిడ మొహం తిప్పుకున్నారు. నవ్వుతున్నారో లేదో నాకు కనపడలేదు. నేను తలుపేసుకున్నాక మెట్ల దగ్గర పక్కింటావిడ గొంతు, దాని వెనకే అత్తగారి గొంతు వినపడ్డాయి. "అమ్మాయి పని చేసుకుంటోందమ్మా. చల్లబడ్డాక రా."

అలా కుదిరింది. మావగారు రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు కాఫీ వేళకి మామూలు మనిషైపోయారు. నేను రోజూ మధ్యాహ్నం ఆ గదిలో కూర్చుంటున్నాను. కాగితాలు పొడిగా గలగలమంటున్నాయి. కిటికీలోంచి గుణదల కొండ కనిపిస్తుంది. పని తొందరగా అయిపోయినా వెంటనే బయటికి రాను. ఊరికే కూర్చుంటాను. అయినా చెవి బయటే ఉంటుంది, ఎవరైనా తడతారేమోనని. ఇన్నేళ్ల అలవాటు చల్లగాలి తగిలినంత మాత్రాన పోదు.

ఒక సాయంత్రం తలుపు తీసేసరికి అత్తగారు మజ్జిగ గ్లాసుతో అక్కడే నిలబడి ఉన్నారు. తట్టలేదు, పిలవలేదు. ఎంతసేపట్నుంచి ఉన్నారో.

"రేపు నీకు పని తక్కువుంటే చెప్పు" అన్నారు. "ఆ గది కాసేపు నాకిస్తావా?"

నాకు తల కొట్టేసినట్టయింది. "నన్నడుగుతారేంటండీ? ఇల్లు మీదైతే!"

"ఇల్లు నాదేలే. గది అడుగుతున్నా."

"పడుకుంటారా?"

"పడుకోను."

"మరి?"

"ఏమో. తలుపేసుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో చూద్దామని" అన్నారు ఆవిడ, కొంగుతో గ్లాసు అడుగు తుడుస్తూ. "పుట్టింట్లో అక్కచెల్లెళ్లందరికీ కలిపి ఒకటే గది. ఇక్కడికొచ్చాక తెలిసిందేగా. నాకెప్పుడూ కుదర్లేదు. నువ్వలా అరిచేదాకా అడగొచ్చని కూడా తెలీదు."

ఆ రోజంతా ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆనాడు నేను వేసుకున్న తలుపు అందరికంటే ముందు తోసుకొచ్చిన మనిషి ఆవిడే. తనకీ ఒక తలుపు కావాలనిపిస్తుందని నాకెన్నడూ తోచలేదు.

మర్నాడు భోజనాలయ్యాక ఆవిడ చేతిలో ఏమీ పట్టుకోకుండా లోపలికి వెళ్లారు. చాట లేదు, గోంగూర లేదు, ఫోను కూడా లేదు. తలుపేసుకున్నారు. గడియ పెట్టుకున్న చప్పుడు వినపడింది. నేను హాల్లో బియ్యం బస్తాల పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. పక్కింటావిడ వస్తే, అత్తయ్యగారు పనిలో ఉన్నారని చెప్పి పంపేశాను.

మావగారు కునుకు తీసి లేచి అత్తగారి కోసం చుట్టూ చూశారు. లోపలున్నారని చెప్పాను. కళ్లజోడు వెతుక్కుంటూ టీవీ బల్ల దగ్గరికి వెళ్లి ఒక్కసారి ఆగిపోయారు.

"అదేంటి, ఏసీ రిమోటు ఇక్కడే ఉంది! మీ అత్తయ్య మర్చిపోయి వెళ్లినట్టుంది."

లేచి వంటింటి వెనక కిటికీలోంచి చూశాను. ఔట్‌డోర్ యూనిట్ తిరగట్లేదు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

"ఈ ఎండలో తలుపులన్నీ బిగించుకుని కూర్చుంటే మనిషి ఏమైపోవాలి?" అంటూ మావగారు రిమోటు పట్టుకుని గది వైపు నడిచారు. నేను వెళ్లి ఆయనకి అడ్డంగా నిలబడ్డాను.

"మర్చిపోలేదండీ మావయ్యగారూ. కూర్చోండి."

ఆయన మూసిన తలుపు వంక చూశారు, నా వంక చూశారు. గొంతు బాగా తగ్గించి అడిగారు.

"నా మీద కోపమొచ్చిందంటావా?"