దాలయ్య తుపాకీ తుడుపు

శ్రీకాకుళం తాలూకా చరిత్ర రాయబోయే పండితులు ఒక సంగతి మరవకూడదు. ఖజానా కాపలా కానిస్టేబులు దాలయ్య తుపాకీ విప్పేముందు తువ్వాలు పరిచి, ముక్కలన్నీ ఎడమ నుంచి కుడికి పేర్చేవాడు. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి వచ్చేవాడు. గంగరాజులు ముఖలింగంలో రాళ్ళమీద శాసనాలు చెక్కించుకున్నారు. దాలయ్య పద్ధతికి మాత్రం నూనె మరకల తువ్వాలొక్కటే ఆధారం.

ఆ తుపాకీ పేలగా విన్నవాళ్ళు లేరు. అయినా ప్రతి శనివారం దానికి తలంటు తప్పేది కాదు. అది భక్తి కాదు, భయం. తనిఖీలో ఎవరి తుపాకీకి తుప్పు కనిపిస్తే వాణ్ని ఇనస్పెక్టరుగారు కొండల మీది ఏజెన్సీ ఠాణాకి తోలేవారు. దాలయ్య ఒకసారి వెళ్ళొచ్చాడు. అక్కడ పట్టుకున్న చలిజ్వరం ఆ తరవాత కూడా చుట్టపుచూపుగా వచ్చి నాలుగురోజులు ఉండిపోయేది. మళ్ళీ వెళ్తే తిరిగొచ్చే ఓపిక అతనికి లేదు.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఒక దసరాకి పోలీసు లైన్లలో ఆయుధపూజ జరిగింది. మర్నాడే తనిఖీ. పూజకని తుపాకీ విప్పిన దాలయ్య, తూటాని లోపలికి తోసే ఇనపకడ్డీని, అంటే బోల్టుని, పూజలో పెట్టమని భార్య చిన్నతల్లి చేతికిచ్చి స్నానానికి వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే బిగిద్దామని కూర్చుంటే, పసుపూ కుంకుమల కింద బోల్టు ఇటుకరంగు తిరిగి ఉంది.

"ఏటి సేసినావే దీన్ని?"

"సింతపండెట్టి తోమినాను. అమ్మోరి ముందర ఎట్టేది మసిగా ఉంటే బాగుంటాదేటి?"

"ఇది ఇత్తడి సెంబు కాదే."

"ఆ ముక్క నిన్న సెప్పాల మావా. తోమితే తుప్పట్టే సామాను మీ సర్కారోళ్ళ దగ్గరే సూసినాను."

పక్కవాటాలోంచి తోటి కానిస్టేబులు నూకయ్య తొంగిచూశాడు. "బావా, ఏజెన్సీకి పెట్టె సర్దేసుకో. నానైతే తోమనూ లేదు, తుడవనూ లేదు. ఏది రాసుంటే అదే అవుతాది."

యుద్ధం మొదలయ్యాక సర్కారు తుపాకీ నూనె రావడం మానేసింది. చిన్నతల్లి తన తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా తెచ్చి పెట్టింది. దాలయ్య ఇటుకపొడి కలిపి రుద్దాడు. పొద్దుటి నుంచీ చలిజ్వరం, ఒళ్ళు నొప్పులు. కుడి నుంచి ఎడమకి వస్తూ బోల్టు తోస్తే సగం దూరి మొండికేసింది. లాగి, తిప్పి, మళ్ళీ తోశాడు. మళ్ళీ లాగాడు. చివరికి అది లోపలికి వెళ్ళేసరికి అతనికి లేచి నిలబడాలనిపించలేదు.

తనిఖీలో ఇనస్పెక్టరుగారు ముందు నూకయ్య తుపాకీకి పట్టిన తుప్పు చూసి నిట్టూర్చారు. తరవాత దాలయ్యది తీసుకుని బోల్టు లాగారు, గొట్టంలోకి చూశారు, వాసన చూశారు.

"ఏం నూనె?"

"కొబ్బరినూనె బాబూ. మా ఆడదానిది."

"తుప్పన్నది లేదు."

"సిత్తం."

దాలయ్య గుండె కుదుటపడింది. ఇనస్పెక్టరుగారు తుపాకీ అతని చేతికి తిరిగిచ్చారు.

"ఇన్నాళ్ళూ తుప్పుగాళ్ళనే ఏజెన్సీకి పంపాను. ఇప్పుడక్కడ పనికొచ్చే తుపాకీ ఒక్కటీ లేదట. తుడవడం తెలిసినవాడు కావాలి. రేపు బయల్దేరు."

"బాబూ, జొరం..."

"అలవాటేగా."

బదిలీ మీద వెళ్ళే కానిస్టేబులు తన తుపాకీని ఇక్కడే అప్పగించి, అక్కడిచ్చేది తీసుకోవాలని రూలు. మధ్యాహ్నానికి దాలయ్య తుపాకీ నూకయ్యకి ఇచ్చారు.