మరిది చెవిలో స్క్రూడ్రైవర్

మా మరిదికి పెళ్లాం అన్నానికి పిలిస్తే వినబడేది కాదు. నడుస్తున్న పాత మోటార్ సైకిల్ ఇంజిన్‌కు స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే మాత్రం చీమ దగ్గినా వినబడేది.

"ఆ బండిని పాత ఇనుమోనికి అమ్మెయ్యమని నువ్వన్న చెప్పక్కా," అని తోడికోడలు నన్ను పిలిపించింది. దండగ ఖర్చు నేనూ ఓర్చను.

"ఎన్నిసార్లు బాగుచేస్తవ్? అమ్మెయ్!"

"ఒక్కపారి ఎక్కు వదినా, గబ్బూరు దాంక పోయొద్దాం."

దారిలో బండి ఆపి, ఇంజిన్ ఆపకుండా స్క్రూడ్రైవర్ నా చెవికి పెట్టాడు. పోయిన మా ఆయన గురకే! మధ్యలో ఆగి, నన్ను భయపెట్టి, మళ్లీ అందుకుంటోంది.

మర్నాడు పాత ఇనుము కొనేవాడు తక్కెడతో వచ్చాడు.

"పో నాయనా," అన్నాను. "గురక పెట్టేటోణ్ణి ఎవరన్న తూకానికిస్తరా?"