ప్రభు భోజనంలో వాయించిన వీడియో గేమ్ బాణీ

మా చిన్నప్పుడు... గజపతినగరంలో మా చర్చి హార్మోనియం ముందు ప్రతి ఆదివారం నేనే కూర్చునేదాన్ని. పదమూడేళ్లు నాకు. అంతకుముందు ఎన్నో ఏళ్లు వాయించిన రత్నం తాతగారికి వేళ్లు బిగుసుకుపోయాయి. ఆ చోటు నాకిచ్చి, పక్కనే కుర్చీ వేసుకుని నా చేతులు గమనించేవారు. తప్పు మీట నొక్కితే ఒక చిన్న దగ్గు...

ఆ వేసవిలో మా మావయ్య ఇంటికి టీవీకి తగిలించే వీడియో గేమ్ వచ్చింది. జపాను వాళ్లదట. ఆడడం నాకు రాలేదు. కానీ ఆట మొదలయ్యే ముందు ఒక బాణీ వచ్చేది... దాన్ని సరిగమల్లో రాసుకోవాలని నోటుబుక్కు పట్టుకెళ్లేదాన్ని. ఒక వరస రాసేలోపే మావయ్య కొడుకు ప్రభాకర్ బావ బొత్తం నొక్కి ఆట మొదలెట్టేసేవాడు.

"ఏటే, ఆడ్డానికొచ్చావా, పరీచ్చ రాయడానికొచ్చావా?"

"ఉండు బావా, ఒక్క వరసే మిగిలున్నాది!"

అలా ఐదు రోజులు తిరిగితే బాణీ మొత్తం దొరికింది.

మరుసటి నెల మొదటి ఆదివారం ప్రభు భోజనం. రొట్టె, ద్రాక్షరసం అన్ని వరసలకూ అందేదాకా హార్మోనియం మెల్లగా మోగుతూ ఉండాలి. ఆ రోజు జనం ఎక్కువ. నాకు వచ్చిన కీర్తనలన్నీ అయిపోయాయి... చేతులు వాటంతటవే ఆ ఆట బాణీలోకి వెళ్లిపోయాయి. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. మగవాళ్ల వైపు బావ ఒక్కడే నోట్లో రుమాలు కుక్కుకుని ఊగిపోతున్నాడు.

బయటికి రాగానే పాస్టరమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఎంత బాగున్నాదమ్మా! ఏ దేశం కీర్తన? వచ్చే వారం అందరికీ నేర్పించు."

నిజం తెలిస్తే మళ్లీ హార్మోనియం తాకనిస్తారా?

సాయంత్రం తాతగారింటికి వెళ్లి అంతా చెప్పేశాను.

"పాస్టరమ్మకి నువ్వే సెప్పు. ప్రభువు బల్ల కాడ మనసులో ఉన్నది వాయించాలి గాని, సేతికొచ్చింది కాదు." కాస్త ఆగి, "అయినా ఆ బాణీ కట్టినోడెవుడో గాని... ఊపిరి తీసుకోడానికి సోటుంచాడే గుంటా. ఏదీ, ఇంకోపాలి వాయించు" అన్నారు.

పాస్టరమ్మగారికి చెప్పాను. నెల రోజులు నన్ను హార్మోనియం దగ్గరికి రానివ్వలేదు. ఆ నెలంతా తాతగారింట్లోనే వాయించాను. ఆయన రేడియో ముల్లు తిప్పి ఏదో ఒక దేశం పాట పట్టేవారు... ఆ గరగరలోంచి స్వరాలు ఏరుకుని నేను రాసేదాన్ని. నెల తిరిగాక ఆయనే నన్ను చర్చికి తీసుకెళ్లి హార్మోనియం ముందు కూర్చోబెట్టారు.

ఇప్పుడు మా అమ్మాయి ఫోనులోకి ఏ దేశపు గేమ్ పాటైనా క్షణంలో వచ్చేస్తుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకరికొకరు పంపుకుంటారు... మంచిదే. మొన్న నాకూ వినిపించమంటే ఇయర్‌ఫోన్ ఒకటి తీసి ఇచ్చింది. పక్కపక్కనే కూర్చుని విన్నాం. పాట అయిపోయింది. "బాగుందా?" అని అడిగి, జవాబు వినేలోపే ఇంకోటి పెట్టేసింది.

అప్పట్లో ఒక్క పాట కోసం ఒక మనిషి ఇంటికి వెళ్లాల్సి వచ్చేది...

మీరూ ఎక్కడో విని దాచుకున్న పరాయి దేశపు బాణీ ఉంటే రాయండి. దాన్ని మొదట ఎవరికి వినిపించారో... అదీ రాయండి.