పురుటి గుడ్డలు

అరవైల చివర్లో నా తొలికాన్పు పుట్టింట్లో, శ్రీకూర్మం దగ్గరి మా ఊళ్లో జరిగింది. తెల్లవారుతూనే ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని బొడ్డు కోసింది, మాయను కుండలో పెట్టి పెరట్లో పాతించేసింది, ఇక తన పని అయిపోయినట్టు ఆకూవక్కా నోట్లో వేసుకుని కూర్చుంది. నాకు మాత్రం రక్తం ఆగలేదు.

"సెడ్డ రక్తం పోవాల. పోతేనే ఒళ్లు తేలికవుతాది," అంది.

నా ఒంట్లో అంత చెడు ఉందని నాకు అంతకుముందు తెలియదు! మా అమ్మ గుమ్మం అవతలే నిలబడి పాత చీర ముక్కలు లోపలికి విసిరేది. పురుటి మైల కదా. తడిసినవాటిని మంత్రసాని కర్రతో మూలకు తోసేది. వాటిని ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. ముట్టుకోరు కాబట్టి ఎన్ని తడిశాయో ఎవరూ చూడలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కాస్త ఎండెక్కాక చాకలి ముసలమ్మ వచ్చింది. ఊళ్లో ఎవరికి కాన్పయినా ఆ గుడ్డలు ఉతికేది ఆవిడే. మూట కట్టబోయి ఆగిపోయింది. ఒక గుడ్డ తీసి పిండి చూసింది.

"ఓలమ్మ, ఇన్ని గుడ్డలేటి? పది రోజులకి తడిసేయి ఒక్క పూటలో తడిసిపోనాయి!"

"సెడ్డ రక్తమేలే," అంది మంత్రసాని.

"సెడ్డదీ మంచిదీ అంతా పోతన్నాది, నువ్వూరుకో. అమ్మా, నీ కూతురు నీకు దక్కాలంటే బేగి బండి కట్టించు!"

అమ్మ అన్నయ్యను కేకేసింది. అన్నయ్య బండి కట్టి రోడ్డు దాకా తోలాడు. శ్రీకాకుళం బస్సు ఆపి నన్నూ పిల్లనూ వెనక సీటు మీద పడుకోబెట్టారు. చెవుల్లో హోరు, నాలుక పిడచకట్టుకుపోవడం గుర్తున్నాయి. చచ్చిపోతాననే అనుకున్నాను. పిల్లకు పాలెవరిస్తారని ఏడ్చాను.

ఆసుపత్రిలో నర్సు నా పొత్తికడుపును పిండి పిసికినట్టు పిసికింది. ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ పెట్టారు.

"మాయ మొత్తం వచ్చిందా? ఎవరు చూశారు?" అని డాక్టరమ్మ మా అమ్మను అడిగింది.

"సూడలేదమ్మా, పాతీసినాం."

తిట్టడానికి కూడా తీరిక లేక డాక్టరమ్మ నన్ను గబగబా లోపలికి తీసుకెళ్లింది. మత్తిచ్చి, లోపల మిగిలిపోయిన మాయ ముక్కను చేత్తో తీసేసింది. నాకు రక్తం ఇవ్వబోయి, ఎద్దులాంటి మా అన్నయ్య సూది చూసి సోలిపోయాడట. లేచి మళ్లీ చెయ్యి చాపాడు. అదృష్టం, అన్నయ్య రక్తం నాకు సరిపోయింది.

మెలకువ వచ్చేసరికి సాయంత్రమైంది. పిల్ల నా పక్కనే ఉంది. అమ్మ మంచం దగ్గర నిలబడి ఉంది. గుడ్డ మాటిమాటికీ చూస్తూ ఉండమని నర్సు చెప్పిందట. అమ్మ వట్టి చేతులతో నా గుడ్డ తీసి, కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది.

"కొంచెమేనే! ఆగిపోనాదే!"

ఆ గుడ్డ పట్టుకునే వెళ్లి నర్సుకు చూపించింది. అక్కడితో ఊరుకోక, పక్క మంచాలవాళ్లందరికీ చూపించుకుంటూ వచ్చింది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది, ప్రాణమూ లేచొచ్చింది.