మా వెబ్‌సైట్‌లో తాలు ఏరిన మరియమ్మత్త

గుంటూరులో మా చిన్న మ్యూజియానికి వెబ్‌సైట్ తయారుచేశాను. మామూలు మనుషులు వాడగలరో లేదో తన ఎదుటే పరీక్షించమన్నారు డైరెక్టరు గారు. పక్కింటి మరియమ్మత్తను తీసుకొచ్చాను. ఆవిడ మిర్చి గోడౌన్లో తాలు, అంటే రంగుపోయిన కాయలు, ఏరుతుంది.

"అత్తా, మ్యూజియం ఎన్నింటికి తెరుస్తారో ఇందులో వెతుకు. ఏమనిపిస్తే అది పైకి చెప్పు" అన్నాను.

వేలితో పేజీ జరుపుతూ మొదలెట్టింది. స్వాగత సందేశానికి "తాలు" అంది. ప్రారంభోత్సవం ఫొటోలకు "తాలు" అంది. కోటు వేసుకున్న పెద్దమనిషి ఫొటోకు "ఇది మరీ తాలు!" అంది. ఆ పెద్దమనిషి, అంటే మా డైరెక్టరు గారు, ఆవిడ వెనకే నిలబడి ఉన్నారు.

చిట్టచివర వేళలు దొరికాయి. "ఏరా, బస్తాలో ఎవరైనా మంచికాయ పైన పోసి తాలు అడుగున దాస్తారు. నువ్వేంటి తిరగేశావ్?"

డైరెక్టరు గారు గొంతు సవరించుకుని, "ఆవిడ చెప్పినట్టు చెయ్యవయ్యా" అన్నారు.

ఇప్పుడు మా సైట్ తెరవగానే వేళలు కనిపిస్తాయి. కోటు కావాలంటే మాత్రం అడుగుదాకా వెళ్లాలి.