పెట్టె దేనికో రాయలేదు

గౌలిపురలో బర్రెల బీరయ్య కూతురు అమలకు భయం ఉగ్గుపాలతోనే వచ్చింది. పిల్లి ఎదురైతే ఆగుతుంది, ఎవరైనా తుమ్మితే కూర్చుంటుంది, గడప దాటేటప్పుడు "పోతున్న" అనదు, "వస్త" అంటుంది. అసలు ఆ ఇంట్లోనే చావు అన్న మాట వినబడదు. కాలం చేసిన తాతను "ఊరికి పోయిండు" అనేవాళ్లు. బర్రె చచ్చిపోతే "అమ్మేసినం" అనేవాళ్లు.

అలాంటి పిల్ల 2006లో చాంద్రాయణగుట్టలో లక్ష్మీకాంత్ ఆఫీసులో చేరింది. గుడివాడ నుంచి వచ్చిన ఈ లక్ష్మీకాంత్, దుకాణాలవాళ్ల సరుకుకు కంప్యూటర్లో బొమ్మలు చేయించి ఇస్తాడు. బొమ్మలు చేసే టీమ్ పూణేలో ఉంటుంది, సరుకును కంటితో చూడదు. కొలతలు, రంగు, ఏ చెక్క, వెలుతురు ఎటు నుంచి, ఆ వస్తువు ఎవరికి ఎందుకు పనికొస్తుంది, ఇవన్నీ అమల విడమరిచి రాసి పంపాలి. దాన్నే వాళ్లు బ్రీఫ్ అంటారు. బీరువాలకూ కూలర్లకూ ఆమె రాసిన బ్రీఫులు చదివి పూణేవాళ్లు మారు ప్రశ్న వేసేవారు కాదు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా పురానాపూల్ సీమోను వచ్చాడు. ఆయన శవపెట్టెలు చేసే ముసలి వడ్రంగి. తాను చెయ్యబోయే కొత్తరకం పెట్టెకు, చర్చిలవాళ్లకు చూపించడానికి రంగుల బొమ్మ కావాలన్నాడు. వేరే రోజుల్లో అయితే అమల దేవుడికి దణ్ణం పెట్టుకుని రాసేసేదేమో. సరిగ్గా ఆ వారమే వాళ్లమ్మ పుష్పమ్మను గుండె ఆపరేషన్‌కని ఆస్పత్రిలో చేర్చారు.

శవపెట్టె అన్న మాట రాస్తే అమ్మ దక్కదని అమల మనసులో పడిపోయింది. పోనీ ఇంగ్లీషే కదా అనుకున్నా చెయ్యి రాలేదు. పొడవు రాసింది, వెడల్పు రాసింది. టేకు చెక్క, పక్కలకు ఇత్తడి పిడులు, లోపల మెత్తటి తెల్లగుడ్డ అని రాసింది. పెట్టె దేనికో మాత్రం రాయలేదు. గండం గడిచిందనుకుని పంపేసింది.

పూణేవాళ్లను అనడానికేం లేదు. బొమ్మ ముచ్చటగా వచ్చింది. ఎండ పడుతున్న హాలు, సోఫా, దాని ముందు సీమోను పెట్టె. తెరిచిన మూత కింద మడతపెట్టిన దుప్పట్లు, పక్కన ఓ టెడ్డీబేరు.

లక్ష్మీకాంత్ నెత్తి పట్టుకున్నాడు. "ఏంటమ్మా అమలా ఇది? శవపెట్టెలో దుప్పట్లు సర్దించావేంటి? ఆయన కింద కూర్చున్నాడు, నువ్వే వెళ్లి చూపించు!"

ఆ రోజే పుష్పమ్మకు ఆపరేషన్. ఆస్పత్రిలో ఉంటే ఏడ్చి తల్లిని కూడా భయపెడుతుందని బీరయ్యే కూతురిని ఆఫీసుకు తరిమాడు. అపశకునమని ఆపరేషన్ సంగతి ఆమె ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

సీమోను బొమ్మ చూసి నవ్వాడు. "మస్తుగుంది బిడ్డా. నాకే కొనబుద్ధి అయితుంది. గని గిట్లెట్లయింది?"

అమలకు ఏడుపు ఆగలేదు. "మా అమ్మకు ఇయ్యాల ఆపరేషన్ తాతా. ఆ మాట రాస్తె ఏమన్న అయితదని రాయలే."

ముసలాయన నవ్వు చప్పున ఆగిపోయింది. "మా ఇంటామె రాజమణి దవాఖానల ఉన్నప్పుడు నేను రంపం ముట్టలే బిడ్డా. వచ్చినోళ్లను గూడ ఎల్లగొట్టిన."

"ఇంటికొచ్చిందా తాతా?"

"రాలే. ఆమె పెట్టె నేనే చేసిన." అన్నాక నాలుక కరుచుకున్నాడు. "నీకు చెప్పకుంటె మంచిగుండు. నువ్వు ఫికర్ చెయ్యకు, అమ్మ మంచిగయితది."

ఇక ఫికర్ చెయ్యకుండా ఎలా ఉంటుంది? రాయకపోవడం కూడా కాపాడదని తెలిశాక అమలకు పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. మెట్లెక్కి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇది శవపెట్టె అని రాసింది. చనిపోయిన మనిషిని ఇందులో పడుకోబెడతారు, అయినవాళ్లు చుట్టూ నిలబడి చివరిసారి ముఖం చూసుకుంటారు, అందుకని తల వైపు వెలుతురు పడాలి అని రాసింది. ఇంత స్పష్టంగా ఆమె ఎప్పుడూ రాయలేదు.

తండ్రి దగ్గర నుంచి ఇంకా ఫోన్ రాలేదు. పూణే నుంచి మాత్రం వెంటనే జవాబు వచ్చింది. అంతా అర్థమైందట, ఒక్కటే సందేహమట. లోపల మనిషిని చూపించాలా?

వద్దు, ఖాళీగా ఉండాలి అని అమల పంపింది. అది చాలదనిపించి మళ్లీ రాసింది: "దయచేసి అందులో ఎవరినీ పెట్టకండి."