నట్టనడుమ చెరకు

కోరాపుట్ నుంచి రాయగడ వచ్చే రైలు సొరంగంలోకి దూరగానే పెట్టెలో ఎవరో ఒకరు "ఊ..." అని కూత పెడతారు. కూత పెట్టడం మీద నాకు అభ్యంతరం లేదు. రైల్వే ఉద్యోగిని, కూతలు నాకు కొత్త కాదు. నా ఫిర్యాదల్లా అందరూ ఒకే కూత పెడతారనే. ఇన్ని సొరంగాలున్న దారిలో ఇన్నేళ్లుగా ఒక్కడైనా రాగం మార్చలేదు. పైగా వెలుతురులోకి రాగానే కూసినవాడితో సహా అందరూ ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి కొండల్ని చూస్తారు.

ఆ రైలు నేను తరచూ ఎక్కేవాణ్ని కాబట్టి ఈ విషయంలో నా అభిప్రాయానికి కొంత విలువుంది. నేను రాయగడలో సిగ్నల్ విభాగంలో టెక్నీషియన్ని. మా ఆవిడ కోరాపుట్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగి. ఇది నిరుటి మాట. అప్పటికి పెళ్లయి రెండేళ్లు. ఒకే ఇంట్లో కాపురం మాత్రం ఇంకా మొదలు కాలేదు. సెలవు కలిసొస్తే నేను కొండెక్కేవాణ్ని, లేకపోతే ఆవిడ కొండ దిగేది. అత్తగారింటి చుట్టరికంలా ఉండేది మా సంసారం. పలకరింపులకి లోటు లేదు, సామాను మాత్రం సంచిలోనే.

ఇద్దరిలో ఒకరు బదిలీ పెట్టుకుంటే సరిపోయేది. అది ఇద్దరికీ తెలుసు. ఎవరు పెట్టుకోవాలన్నదే మిగిలింది. ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునే ఊరు వదిలి ఉక్కపోతలోకి నేనెందుకు రావాలని ఆవిడ. వానాకాలం కోరాపుట్‌లో తువ్వాలు ఉతికితే అది ఆరేలోగా మళ్లీ మాస్తుంది, అలాంటి చోటికి నేనెందుకు పోవాలని నేను. పోనీ ఇద్దరం పెట్టుకుందామంటే, ఇద్దరివీ మంజూరై నేను కోరాపుట్‌లో, ఆవిడ రాయగడలో తేలతాం. ప్రభుత్వం మీద మాకా మాత్రం నమ్మకం ఉంది. దరఖాస్తులకి వానలు పడేలోగా గడువు. అది దాటితే మరో ఏడాది ఇదే రైలు, ఇదే కూత.

సాయంత్రాలు ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. తిన్నావా, ఏం తిన్నావు, ఎందుకు తినలేదు అనే మూడు ప్రశ్నల మీద ఏ సంసారమూ ఎక్కువ దూరం నడవదు. అది గమనించి మా ఆవిడే ఆ ఆట తెచ్చింది. ప్రపంచమంతా చదరపు దిమ్మెలతో కట్టిన వీడియో గేమ్. మట్టి దిమ్మె, రాయి దిమ్మె, ఆవు కూడా దాదాపు దిమ్మే. తవ్వుకోవాలి, కట్టుకోవాలి. అందులో మా ఇద్దరికీ కలిపి ఒక లోకం తెరిచింది. ఎవరి ఊళ్లో వాళ్లం కూర్చుని ఇద్దరం అందులోకి వెళ్లొచ్చు.

వెళ్లి ఇల్లు కట్టుకున్నాం అనుకుంటున్నారేమో. రెండు కట్టుకున్నాం. ఆవిడ మంచుకొండ మీద గాజు కప్పుతో ఒకటి. నేను కింద మైదానంలో ఏటి ఒడ్డున ఒకటి. నా ఇంటికి ముందు చిన్న ప్లాట్‌ఫారం, దాని మీద బెంచీ. ఎవరూ అడగలేదు, అలా వచ్చేసింది.

ఆ ఆటలో ముదిరినవాళ్లు చేత్తో పని చెయ్యరు, ఫారాలు పెడతారు. ఫారం అంటే మనిషి వేలు పెట్టకుండా తనంతట తాను సరుకు తీసే ఏర్పాటు. నాది చెరకు ఫారం. గడ ఒక ఎత్తుకు ఎదగ్గానే ఒక యంత్రం దాన్ని నరుకుతుంది, ముక్కల్ని నీటి కాలవ తోసుకెళ్లి పెట్టెలో పోస్తుంది. ఆవిడది ఇనుము. ఆటలో ఉండే ఊరివాళ్లని కొందరిని ఒక గదిలో పెట్టి భయపెడితే, వాళ్లని కాపాడ్డానికి ఎక్కణ్నుంచో ఇనుప మనిషి పుట్టుకొస్తాడు. వాడు నిప్పుల గోతిలో పడి కరిగితే మనకి ఇనుము. ఇందులో నీతి గురించి నేను అడిగితే, రోజూ పొద్దున్నే జనానికి సూదులు గుచ్చేదాన్ని నన్నడుగుతారా అంది.

నేను డ్యూటీకి పోయి వచ్చేసరికి నా చెరకు ఉన్నంతే ఉండేది. మూడు రోజులు చూసి ఆవిడతో అన్నాను, నేలలో లోపముందేమోనని.

"నేలలో ఏటీ నేదండి," అంది. "మీరు దగ్గర లేనప్పుడు అది పెరగదు. ఎవరో ఒకరు ఆ సుట్టుపక్కలుంటేనే అక్కడ టైము నడుస్తాది."

మా సెక్షన్లోనూ అంతే, ఇంజనీరు కనబడితేనే టైము నడుస్తుందన్నాను. ఆవిడ నవ్వలేదు. నా ఆఫీసు జోకులకి ఆవిడ దగ్గర వారానికి ఒకటే కోటా ఉండేది, అది సోమవారమే అయిపోయేది.

ఆవిడకి నా చెరకు కావాలి, కాగితం చెయ్యడానికి. నాకు ఆవిడ ఇనుము కావాలి. రెండు ఫారాల మధ్య ఆ లోకపు లెక్కలో పగలంతా నడక. రైల్వేవాణ్ని కదా, లైను వేద్దామన్నాను. పట్టాలకి ఇనుము కావాలి. ఆవిడ ఫారం తీసిన ఇనుమంతా పట్టాలకే పోయింది. పట్టాలు పూర్తయ్యేసరికి ఆ లైను మీద తేవడానికి ఇనుము మిగల్లేదు. అయినా లైను బాగా కుదిరింది. వంపులు చూస్తే మీరూ మెచ్చుకుంటారు.

ఆవిడ పద్ధతి వేరు. ఆసుపత్రిలో ఆవిడ బల్ల నేను చూశాను. స్టూలు మీంచి లేవకుండా సీసాలు, పరికరాలు, రిజిస్టరు అన్నీ చేతికందుతాయి. ఫారాలూ అలాగే ఉండాలంది. నిలబడే చోటు ఒక్కటే ఉండాలి. దాని చుట్టూ, పైనా, కిందా అన్నీ పేర్చాలి. పైన ఇనుము, దాని కింద గుడ్ల కోసం కొత్తగా కోళ్లు, అడుగున చెరకు. నీళ్లు అన్నిటినీ కిందికి తోసి ఒకే పెట్టెలో పోస్తాయి. ఒక మనిషి అక్కడ ఊరికే నించుంటే చాలు, మూడూ నడుస్తాయి. సరుకున్న చోటికి లైను వెయ్యడం మా వాళ్ల అలవాటు. మనిషున్న చోటికి సరుకు తెచ్చుకోవడం ఆవిడ అలవాటు. ఆవిడదే సరైనదని ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం నాకు ఎప్పుడూ కష్టం కాదు, కదలడమే కష్టం.

అన్నీ ఒకచోట, సరే. ఏ చోట?

కొండ మీదే పెట్టాలంది. ఊరివాళ్లు అక్కడే ఉన్నారు, ఇనుము అక్కడే ఉంది, మీ కాడ ఏటుంది, మట్టి తప్ప, అంది. చెరకు మట్టిలోనే కదా పెరిగేది, పైగా చదును నేల, రేపు పెంచుకోవాలంటే జాగా ఉంటుందన్నాను. అక్కడ ఎండెక్కువంది. దిమ్మెల లోకంలో ఎండ ఎక్కువా తక్కువా ఉండవన్నాను. ఉక్కపోత కూడా ఉంటాది, నాకు తెలుస్తంది, అంది.

చివరికి నేను, ఊరివాళ్లదేముంది, బండెక్కించి కిందికి తెచ్చేద్దాం, వాళ్ల బదిలీకి దరఖాస్తు కూడా అక్కర్లేదు అన్నాను.

ఫోన్లో ఆవిడ వైపు కుక్కరు కూతలు వినిపించాయి. మేం ఏ ఫారం గురించి వాదించుకుంటున్నామో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మాకు అప్పుడే తెలిసింది. తెలిసిందని ఒకరితో ఒకరం చెప్పుకోలేదు.

దారి చూపించింది మా సీనియరు. పార్వతీపురం మనిషి. అందరి సంసారాల్లోని చిక్కులూ ఆయనకి సిగ్నల్ తీగల్లాగే కనబడతాయి. టీ తాగుతూ విషయమంతా విని, గ్లాసు కింద పెట్టాడు.

"లక్ష్మీపూర్ల ఇల్లు అద్దెకి తీసీ," అన్నాడు. "అది నట్టనడుమ. నువ్విటు బస్సెక్కు, ఆ అమ్మి అటు బస్సెక్కుతాది. ఎవుల మాటా నెగ్గినట్టుండదు, ఎవుల మాటా ఓడినట్టుండదు. బదిలీల గోలే నేదు."

ఇంత తేలిక సంగతి మాకెందుకు తట్టలేదని ఆశ్చర్యపోయాను. మా ఆవిడకీ నచ్చింది. నచ్చిందంటే, వెంటనే కాదనలేదు. నిజంగా చేసేముందు ఆటలో ఒకసారి చేసి చూద్దామనుకున్నాం. చదువుకున్నవాళ్లం కదా, నమూనా లేనిదే ఏ పనీ చెయ్యం.

మా రెండిళ్లకీ సరిగ్గా మధ్యలో, లైను పక్కనే ఒక గుట్ట. దానికి లక్ష్మీపూర్ అని పేరు పెట్టాం. సాయంత్రాలన్నీ అక్కడే గడిపాం. ఊరివాళ్లని బండ్లలో చేరవేశాం. ఒకణ్ని దారిలో పోగొట్టుకున్నాం, ఇప్పటికీ వాడెక్కడున్నాడో తెలీదు. పైన ఇనుము, నడుమ కోళ్లు, అడుగున చెరకు. ఆవిడ గీసినట్టే కట్టాం, నేను సరిచేసినట్టే కాలవలు తిప్పాం. పని పూర్తయిన రోజు ఇద్దరం పక్కపక్కన నిలబడి చూసుకున్నాం. ఇద్దరం కలిసి పూర్తి చేసిన మొదటి పని అదే. చెప్పకూడదు గానీ, పెళ్లి ఫోటోల్లోకన్నా ఆ రోజే మేం దంపతుల్లా కనబడ్డాం.

తర్వాతి వారం పెట్టె తెరిస్తే లోపల కొన్ని గుడ్లు, చారెడు చెరకు.

లోపం వెతకడం నా వృత్తి. డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా లక్ష్మీపూర్ వెళ్లి పైనుంచి కిందిదాకా పరీక్షించాను. నీళ్లు పారుతున్నాయి. నరికే యంత్రం నరుకుతోంది. ఇనుప మనుషులు టంచనుగా పుట్టి టంచనుగా గోతిలో పడుతున్నారు. ఒక మూల దిమ్మె తీసి మళ్లీ అక్కడే పెట్టాను, ఏదో ఒకటి చేసినట్టుండాలి కదా. చూస్తుండగానే పెట్టె నిండింది. లోపం దొరికింది, సరిచేశానని ఆవిడకి గర్వంగా మెసేజ్ పెట్టాను. రెండు రోజులాగి చూస్తే పెట్టెలో నేను వదిలేసినంతే ఉంది, ఒక్క గడ పెరగలేదు.

ఆ సాయంత్రం ఆవిడే ఫోను చేసింది.

"మీరేటీ బాగుసెయ్యలేదండి," అంది. "అక్కడున్నారు, అంతే."

ఆలోచిస్తే నిజమే. ఆటలోకి వస్తే నేను నా ఇంట్లో నిద్ర లేస్తాను, ఎందుకంటే నా మంచం అక్కడుంది. నా బెంచీ తుడుచుకుంటాను, నా ఏటి ఒడ్డున తవ్వుకుంటాను. ఆవిడ తన గాజు కప్పు కింద లేస్తుంది. లక్ష్మీపూర్‌కి ఇద్దరం వెళ్లేది బండెక్కి అటూ ఇటూ పోయేటప్పుడు. ఆ దాటిపోయే కాసేపట్లో చెరకు ఎంత పెరిగిందో అంతే మాకు దక్కింది. ఎవరికీ దూరం కాకుండా పెట్టాం, ఎవరికీ దగ్గర కూడా కాలేదు.

దీనికి మందు చిన్నదే. మంచాలు తెచ్చి గుట్ట మీద వేసుకోవాలి. ఆ లోకంలో మంచం చంకలో పెట్టుకుని పోవచ్చు. సరే, రేపు తెస్తానన్నాను. నేనూ రేపే తెస్తానంది ఆవిడ. ఆ రేపు ఆవిడ గాజు కప్పుకి కొత్త అంచు కట్టుకుంది. నేను ప్లాట్‌ఫారం కాస్త పొడిగించాను.

బదిలీల గడువు ఇంక వారం ఉందనగా లక్ష్మీపూర్‌లో ఇల్లు చూడ్డానికి వెళ్లాం, అసలు లక్ష్మీపూర్‌లో. సీనియరే ఎవరితోనో చెప్పించాడు. ఆవిడ కోరాపుట్ బస్సు దిగింది, నేను రాయగడ బస్సు దిగాను. సంత రోజు. అల్లం బస్తాల మధ్య నుంచి దారి చేసుకుని పోయాం. అద్దెకిచ్చే ఇంటావిడ ఎప్పుడో సాలూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, సంతలో గాజులమ్ముతుంది. కొట్టు పక్కావిడకి అప్పజెప్పి, తాళాలు పట్టుకుని మా వెంట వచ్చింది.

ఇల్లు బాగుంది. రెండు గదులు, వెనక నుయ్యి, వంటింట్లోకి పొద్దుటెండ. మా ఆవిడ మంచం ఎక్కడ వెయ్యాలో చూసింది. నేను స్విచ్చులన్నీ నొక్కి చూశాను. నాకు నచ్చిందని ఆవిడకి కళ్లతో చెప్పాను. ఆవిడా అదే చెప్పింది. ఇంత తొందరగా ఇద్దరం ఒక మాట మీదికి రావడం అదివరకు జరగలేదు.

ఇంటావిడ గుమ్మంలో గొంతుక్కూర్చుని మా వివరాలు అడగడం మొదలెట్టింది. పొద్దున్న ఎప్పుడు వెళ్తారంది. తెల్లారే మొదటి బస్సుకి నేను అటు, తను ఇటు అన్నాను. తిరిగొచ్చేది? చీకటి పడ్డాక, బస్సు దొరికితే. దొరక్కపోతే? నాకు రాయగడలో క్వార్టరుంది, అది వదులుకోను. తనకి కోరాపుట్‌లో గది ఉంది, అది ఉంచుకుంటుంది. నాకు రాత్రి డ్యూటీ పడితే నేను రాను. తనకి రాత్రి డ్యూటీ పడితే తను రాదు. వానల్లో ఘాటీ కొండదారి మూసేస్తే ఇద్దరం రాము. ఆదివారాలో? ఆదివారాలు కోరాపుట్‌లో మా ఆవిడ స్నేహితులుంటారు, లేదా రాయగడలో మా వాళ్లుంటారు. ఇదంతా నేను చాలా వివరంగా, వరసగా, ఒక మంచి పథకం చెబుతున్నట్టే చెప్పాను. మా ఆవిడ మధ్యలో ఒకచోట నన్ను సరిదిద్దింది కూడా, బస్సు టైము విషయంలో.

ఇంటావిడ తాళం గుత్తి ఒళ్లో పెట్టుకుని అంతా విన్నది. నన్ను చూసింది, మా ఆవిడని చూసింది, లోపల ఖాళీ గదుల్ని ఒకసారి చూసింది. కొంగు దులుపుకుని లేచింది.

"అయితే బావూ," అంది, "ఈ ఇంట్ల ఎవులూ ఉండరన్నమాట."